మళ్ళీ చెప్పమనడానికి సిగ్గెందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

పైలట్ శిక్షణ మీద మీరు ఆదివారం వేసిన కథనంలో ఫీజులు, మెడికల్ పరీక్షలు, ఉద్యోగాలు అన్నీ ఉన్నాయి. రేడియో గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మాది హిందూపురం, పదో తరగతి దాకా తెలుగు మీడియం. బెంగళూరులో స్థిరపడి, నలభై దాటాక చిన్న విమానం నేర్చుకున్నాను. నడపడం తొందరగానే పట్టుబడింది. రేడియోలో బెదురు పోవడానికి రెండేళ్లు పట్టింది.

బెంగళూరు ఆకాశం ఇరుకు. చిన్న విమానాలు ఎగిరే జక్కూరు నుంచి యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఏడెనిమిది కిలోమీటర్లు కూడా లేదు. దేవనహళ్లి విమానాశ్రయం 20 కిలోమీటర్ల లోపే. ఆగ్నేయాన హెచ్‌ఏఎల్ విమానాశ్రయం. వీటి మధ్య తిరిగే రెండు సీట్ల సెస్నా విమానాన్ని, దిగడానికి వచ్చే జెట్లని ఎడంగా ఉంచేది కింద నుంచి దారి, ఎత్తు చెప్పే కంట్రోలర్ రేడియో మాటే. ఒక ఫ్రీక్వెన్సీలో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే కీచుమని శబ్దం తప్ప ఏమీ వినబడదు. అందుకని అందరూ గబగబా చెప్పేస్తారు.

ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పొద్దున కంట్రోలర్ ఏదో ఎత్తు చెప్పారు. నాకు చివరి ‘ఫైవ్ హండ్రెడ్’ ఒక్కటే అందింది. తొడకి కట్టుకున్న ప్యాడ్ మీద 500 అని రాసి, ముందు అంకెకి జాగా వదిలాను. అడిగితే సరిపోయేది. పెద్ద విమానాల కెప్టెన్లు వింటున్నారని నోరు రాలేదు. ‘రోజర్’ అనేశాను. రోజర్ అంటే మీ మాట అందింది అని. నాకు అందనే లేదు! 5,500 అడుగులు అనుకుని పైకి పోతున్నాను, ఆయన చెప్పింది 4,500. కాసేపటికి ఆయనే పిలిచి, అంకె అంకె విడదీసి చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకున్నారు. మొదటిసారే అలా చెప్పించుకుని ఉండాల్సింది. ఆయనకీ ఊపిరాడని సమయం అది.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు పెద్ద విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. 15,000 అడుగుల్లో ఉండాల్సిన విమానం 14,000కి దిగిపోయింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాకపోవడం కూడా కారణమని చెప్పారు. ఆ సంగతి చదివినప్పుడల్లా నా ప్యాడ్ మీద వదిలిన జాగా గుర్తొస్తుంది.

అనంతపురం, కర్నూలు వైపు నుంచి పిల్లలు ఇక్కడికి శిక్షణకి వస్తున్నారు. తెలివైనవాళ్లే, కానీ ఇంగ్లీషులో తప్పు దొర్లుతుందేమోనని బిగుసుకుపోతారు. ఫ్లయింగ్ స్కూళ్లకి నా విన్నపం ఒకటే. ఒంటరిగా పంపే ముందు ప్రతి బ్యాచ్‌నీ అనుమతి తీసుకుని ఒక పూట కంట్రోలర్లు పనిచేసే టవర్‌లో కూర్చోబెట్టండి. నేను ఆలస్యంగా వెళ్లాను. ఆ గంటలో తల నెరిసిన కెప్టెన్లు ‘సే అగైన్’ అనడం నా చెవులతో విన్నాను. కంట్రోలర్ విసుక్కోలేదు. మళ్ళీ చెప్పి, చేతిలో చీటీ మీద టిక్కు పెట్టుకుని తర్వాతి విమానాన్ని పిలిచారు.

– ఒక ప్రైవేట్ పైలట్, యలహంక, బెంగళూరు