జనవరి వార్తాలేఖ: మన బడి చెట్ల సంగతి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలోనే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. బోడిగా నిలబడ్డ జామచెట్లు, మొదళ్లకు నీలం పూత, పక్కన కొమ్మలు మోస్తున్న పిల్లలు. పచ్చని చెట్లు నరికేశారని, పిల్లలతో పురుగుమందు కొట్టిస్తున్నారని, బడికి పంపింది కూలి పనికా అని పొద్దుపోయేదాకా మెసేజులు నడిచాయి. కొందరు మాత్రం నేరుగా బడికి వచ్చి అడిగారు, చెట్ల దగ్గరికి వెళ్లి చూశారు. వాళ్లకు కృతజ్ఞతలు. మిగతా అందరికీ ఈ ఉత్తరం.

మన బడి వెనక ఉన్న జామ, సీతాఫలం, నిమ్మ చాలావరకు 2015లో హరితహారం మొదలైన తర్వాత నాటినవే. జామకు కాత వచ్చేది ముదురు కొమ్మ మీద కాదు, కొత్తగా వేసిన ఇగురు మీద. చలికాలం కాపు దిగిపోయాక కొమ్మల చివర్లు కత్తిరిస్తే కొత్త ఇగురు వస్తుంది, ఆ ఇగురులో ఆకుల పక్కనే పూమొగ్గ కడుతుంది. కత్తిరించకుండా వదిలేస్తే చెట్టు పైపైకి పోయి కాయ చేతికందని చోట కాస్తుంది, చిలుకలకు తప్ప ఎవరికీ దక్కదు. ఈసారి కాపు మొత్తం పిల్లలే తిన్నారు కాబట్టి, వచ్చే కాపు కోసం చేయాల్సిన పని కూడా వాళ్ల కళ్ల ముందే జరగాలని నేనే పట్టుబట్టాను. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, మొదట్లోంచి నిటారుగా లేచే నీటికొమ్మలు కూడా తీయించాం. ఇక సీతాఫలం చెట్లకు ఆకు లేకపోవడానికీ మా కత్తెరకూ సంబంధం లేదు. అది చలికి ఆకు రాల్చే చెట్టు, ఎండలు మొదలయ్యాక మళ్లీ చిగురిస్తుంది. కొమ్మలకు నల్లగా, రాయిలా ఎండి వేలాడుతున్న పాత కాయలను పిల్లలు ఏరి బస్తాలో వేశారు. వాటిని అట్లాగే ఉంచితే తెగులూ, తెల్లటి పిండిలా అంటుకుని రసం పీల్చే పిండినల్లీ వచ్చే కాపు దాకా అక్కడే కాపురముంటాయి.

సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) పట్టింది తొమ్మిది, పది తరగతుల పిల్లలు మాత్రమే, అది కూడా ఉపాధ్యాయులు పక్కన నిలబడి ఉండగా. లావు కొమ్మలను రంపంతో కోసింది పెద్దవాళ్లు. చిన్న తరగతుల వాళ్లు కొమ్మలు మోశారు, పాదులు సవరించారు, చూసింది నోటుబుక్కులో రాసుకున్నారు. ఇదంతా పని విద్య పీరియడ్లోనే. లెక్కల పీరియడ్ ఒక్కటి కూడా పోలేదు.

మొదళ్లకు పూసిన నీలం పురుగుమందు కాదు, రాగి ఉండే మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు. కోసిన గాయంలోంచి తెగులు లోపలికి పోకుండా, నిమ్మ మొదళ్లకు బంక కారకుండా పూసే మందు ఇది. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లో 1880లలో పుట్టింది, మన రైతులు ఇప్పటికీ వాడుతున్నారు. మైలుతుత్తం కడుపులోకి పోతే ప్రమాదం, కంట్లో పడితే మంట. అందుకే దాన్ని కలిపిందీ పూసిందీ గ్లౌజులు వేసుకున్న సైన్స్ టీచరే. పిల్లలు దూరంగా నిలబడి చూశారు.

వాళ్లు ఏం చూశారో మీకు చెప్పాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో ఒక ప్లాస్టిక్ బకెట్లో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో ఇంకో బకెట్లో కలిపి, రెంటినీ మూడో బకెట్లోకి పోశారు. ఇనుప పాత్ర ఎందుకు వాడకూడదని ఒకరు అడిగారు. టీచర్ గరుకు కాగితంతో తెల్లగా రుద్దిన మేకును దారానికి కట్టి మందులో ముంచారు. కాసేపాగి పైకి తీస్తే మేకు మీద రాగి పేరుకుని ఇటుక రంగులో ఉంది. సున్నం పాతది, బలం చాలలేదు. రాగి ఇంకా విడిగానే ఉంది, ఆ మందు అట్లాగే పూస్తే లేత బెరడు మాడిపోతుంది. మరికొంత సున్నం కలిపి ఇంకో మేకు ముంచితే ఈసారి తెల్లగానే వచ్చింది. పదో తరగతి పుస్తకంలో రసాయన స్థానభ్రంశం అని బట్టీ పట్టేది దీన్నే. తప్పు చెబుతానేమోనని ఏడాదంతా తల దించుకుని కూర్చున్న ఒక పదో తరగతి అమ్మాయి, ఎవరూ అడగకముందే "ఇనుము రాగిని బయటికి నెట్టేసింది మేడం" అని సమీకరణం మొత్తం పుల్లతో నేల మీద రాసింది. "దీన్ని బ్యాలెన్స్ చేసే పని కూడా లేదు" అని తనే చెప్పింది. ఆ అమ్మాయికి ఇక ఆ ప్రశ్న పరీక్షలో వస్తే టెన్షన్ ఉండదు. బడిలో చెట్టు ఉండాలని, దాని పని పిల్లల చేతుల మీదుగా సాగాలని నేను ఇన్నేళ్లుగా పోరుతున్నది ఇందుకే. మట్టి అంటితే చదువు పోతుందనుకునే తల్లిదండ్రులను ఒక్కటే కోరుతున్నాను. ఒకసారి వచ్చి ఆ పిల్లల నోటుబుక్కులు చూడండి.

మిగతా విషయాలు క్లుప్తంగా. పదో తరగతి ప్రత్యేక తరగతులు సాయంత్రం యథాప్రకారం ఉంటాయి. 26న జెండా వందనానికి పిల్లలు ఏడున్నరకే రావాలి. మేడారం జాతరకు తీసుకెళ్లేవాళ్లు సెలవు చీటీ వెళ్లేముందే పంపండి, వచ్చాక కాదు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశం తేదీ నోటీసు బోర్డులో పెడతాం.

ఇప్పుడు మీ ఇళ్ల సంగతి. సెలవుల్లో ఏడో తరగతి వాళ్లకు తమ వాడలోని పండ్ల చెట్లను చూసి రాసుకు రమ్మని పని ఇచ్చాం. కొన్ని నోటుబుక్కుల్లో ఉన్నది అమ్మానాన్నల చేతిరాత అని చెప్పక తప్పడం లేదు. పని పిల్లలకు ఇచ్చాం, దయచేసి పిల్లలనే చేయనివ్వండి. ఒక అబ్బాయి మాత్రం పటం గీసి, ఏ ఇంటి మామిడి పూసింది, ఏది పూయలేదు, చెట్టు మొదట్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి అని ఇంటింటికీ తిరిగి రాశాడు. స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు రోజూ మొదట్లోకి పారే చెట్లు చాలావరకు ఎర్రటి ఇగురు వేశాయి తప్ప పూత వేయలేదని వాడే కనిపెట్టాడు. ఆ పేజీని స్టాఫ్ రూమ్ గోడకు అంటించాను.

వాడు రాసింది నిజం. వయసొచ్చిన మామిడికి పూత ముందు నెలల్లో నీళ్లు ఆపాలి. రాత్రి చలి, పొడి నేల రెండూ కలిస్తే కొమ్మ ఆకు వేయడం మాని పూతకు తిరుగుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు మొదలుపెట్టాలి, అప్పుడు ఆపితే పిందె రాలిపోతుంది. పూత విప్పుకున్న చెట్టు మీద ఏ మందూ కొట్టకండి. మామిడి పూతకు పరాగం మోసేది ఎక్కువగా ఈగలూ తేనెటీగలే. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు ఉన్న చెట్టుకు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి పూమొగ్గ విప్పకముందే కొట్టాలి. ఇప్పటికే పూసి ఉంటే వదిలేయండి. బూడిద తెగులు కనబడితే పిందె కట్టాక లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చాలు.

పూత రాలి వాకిలి పాడవుతోందని, బండి మీద ఆకులు పడుతున్నాయని ఇదే నెలలో మామిడి కొమ్మలు కొట్టించే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఉగాది పచ్చడికి కాయ కావాలంటే ఈ రెండు నెలలు వాకిలి ఇంకోసారి ఊడ్చుకోండి. చెట్టుకు మేకులు కొట్టి తీగలు కట్టడం, మొదలు చుట్టూ సందు లేకుండా సిమెంటు వేయించడం కూడా మానాలి.

అన్నిటికంటే ఎక్కువ బాధ పెడుతున్నది ఆకుల మంట. పొద్దున్నే రాలిన ఆకులు పోగుచేసి ముట్టించడం, చలి కాచుకోవడం, ఆ పొగలోంచే పిల్లలను బడికి పంపడం. దగ్గుతూ వచ్చే పిల్లలను ప్రార్థన వేళ రోజూ చూస్తున్నాను. మనవి ఎక్కువగా ఎర్ర చెల్క నేలలు, తడి ఇట్టే ఆరిపోతుంది. ఆ ఆకులనే పాదులో పరిస్తే మార్చి ఎండలకు తడి నిలుస్తుంది, చివికి ఎరువవుతుంది. పాదు మొదలుకు ఆనుకుని కాదు, కొమ్మల నీడ అంచు దాకా తీయాలి, నీళ్లు తాగే సన్నవేళ్లు అక్కడే ఉంటాయి. ఆకుగానీ ఎరువుగానీ మొదలుకు తగలకుండా జానెడు ఎడం ఉంచండి. చివకని పచ్చి పేడ వేయొద్దు.

నిమ్మకు గజ్జి మచ్చలున్న రెమ్మలను కొత్త ఇగురు రాకముందే తీసేయండి. ఎండుపుల్ల ఎక్కడిదాకా ఉందో దాని కింద పచ్చిదనం కనబడే చోట కోయాలి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేముందు కత్తెరను స్పిరిటుతో తుడవండి. లావు కొమ్మయితే ముందు కింది నుంచి కొంత కోసి తర్వాత పైనుంచి కోయండి, లేకపోతే బరువుకు విరిగి బెరడు ఊడివస్తుంది. పిండినల్లి ఉన్న జామ, సీతాఫలాలకు మొదలు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి దాని మీద గ్రీజు రాస్తే చీమలు ఎక్కవు. ఆ నల్లిని కాపాడుతూ తిరిగేవి చీమలే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఈ కత్తెర పనులు ఆలోపే పూర్తి కావాలి.

ఇంకో మాట. విరామంలో చిప్స్ కొనుక్కోమని డబ్బులిచ్చి పంపకండి. నారింజలో కంటే విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువున్న జామ మీ పెరట్లోనే రాలి కుళ్లిపోతుంటే, పిల్లల జేబుల్లో ప్యాకెట్లు చూడటం నాకు కష్టంగా ఉంది.

వచ్చే శనివారం మధ్యాహ్నం భోజనం తర్వాత నిమ్మచెట్లకు కత్తిరింపు ఉంది. అనుమానాలున్న తల్లిదండ్రులు తప్పకుండా రండి. పదును పెట్టిన కత్తెర ఉంటే తెచ్చుకోండి, తొమ్మిదో తరగతి పిల్లలు ఎక్కడ కోయాలో చూపిస్తారు. చివికిన పశువుల ఎరువు ఒక బస్తా ఎవరైనా ఇవ్వగలిగితే ముందురోజే గేటు దగ్గర దింపించండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు