ఈ సర్దుబాట్లను పటం మీదికి ఎక్కించండి

సంపాదకులకు,

నగరాల్లో స్త్రీలు నిత్యం చేసుకునే సర్దుబాట్లను ప్రణాళికా శాఖలు సమాచారంగా పరిగణించడం అరుదు. దీపం లేని సందును తప్పించుకుని చుట్టు తిరిగి వెళ్లడం, బస్సు దిగే వేళకు ఇంట్లోవాళ్లను ఎదురు రమ్మనడం, దారిలో మరుగుదొడ్డి ఉండదని తెలిసి బయలుదేరే ముందు నీళ్లు తాగకపోవడం, చంకలో బిడ్డతో కాలివంతెన మెట్లెక్కలేక వాహనాల మధ్యే రోడ్డు దాటడం వంటివాటిని అలవాట్లనో, ఉల్లంఘనలనో కొట్టిపారేస్తారు గాని, లోపం ఎక్కడుందో ఇంత కచ్చితంగా చూపే సర్వే మరొకటి ఉండదు.

కెనడాలోని మాంట్రియల్‌ నగరంలో 1996 నుంచి రాత్రి బస్సుల్లో స్త్రీలు రెండు స్టాపుల మధ్య తమకు దగ్గరైన చోట దిగే వీలు కల్పించారు. దానికి కొత్త బస్సు కొనాల్సిన పని పడలేదు. తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని గమనించిన వియన్నా నగరం 1999లో రెండు పార్కులను మార్చి, పెద్ద మైదానాన్ని చిన్న ఆటస్థలాలుగా విడదీసి, నడకదారులు పెంచింది. ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలైంది.

నగర ప్రణాళికపై అభిప్రాయాలు అడగడానికి పని వేళల్లో సమావేశం పెట్టి స్త్రీలు రాలేదని నమోదు చేయడం సంప్రదింపు అనిపించుకోదు (పిల్లలను ఎవరికి అప్పగించి వస్తారు?). బృహత్ ప్రణాళిక (మాస్టర్ ప్లాన్) ముసాయిదాను ఖరారు చేసే ముందు అధికారులు చీకటి పడ్డాక వీధి వ్యాపారులు, ఇళ్లలో పనిచేసేవారు, దివ్యాంగ మహిళలతో కలిసి ప్రతి వార్డులో నడిచి, వారు తప్పించుకునే చోట్లను పటంపై గుర్తించి, ఆ పటాన్ని ముసాయిదాతో పాటు ప్రచురించాలి.

— ఒక పాఠకురాలు