ఆదివారం ఛార్జింగ్ పని: పాత బండ్ల వాళ్లు తప్పక చదవండి

మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు విజయవాడ ఆటోనగర్‌లో, మనం ఎప్పుడూ కలిసే షెడ్డు దగ్గర పాత మోటారు సైకిళ్ల బ్యాటరీ ఛార్జింగ్ సంగతి చూద్దాం. ఎండ ముదిరేలోపు ముగించాలి. బెజవాడ ఎండ గురించి మీకు వేరే చెప్పాలా!

బ్యాటరీని శనివారం రాత్రే నిండుగా ఛార్జ్ చేసి తీసుకురండి. నీరసించిన బ్యాటరీతో తీసిన కొలతలను నమ్మలేం. 12 వోల్టుల బండి అయితే బ్యాటరీ దగ్గర మీటరు ఇంజన్ ఆపినప్పుడు 12.6 దగ్గర, కాస్త రేజ్ చేస్తే 14 దగ్గర చూపించాలి. 15 దాటితే ముందు వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌నే అనుమానించాలి.

ఛార్జింగ్ రాలేదనగానే కొత్త స్టేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే తీగచుట్టల భాగం) కొనకండి. ముందు స్టేటర్ నుంచి రెగ్యులేటర్‌కు వెళ్లే కనెక్టర్ ఊడదీసి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పిన్ను చుట్టూ కరిగి ఉంటే దొంగ దొరికినట్టే. ఎర్త్ వైరు బిగించే చోట పెయింటు, తుప్పు గీకేయండి. సగం రోగాలు అక్కడే కుదురుతాయని నా నమ్మకం.

6 వోల్టుల డైనమో ఉన్న పాత జావా, యెజ్డీ వాళ్లకు ఒక మాట: 12 వోల్టులకు మారితే బ్యాటరీ, బల్బులు, హారన్ కూడా మార్చాలి. ఖర్చు లెక్క వేసుకునే రండి.

శుక్రవారం రాత్రిలోగా బండి పేరు, మోడల్ సంవత్సరం, సమస్య ఇక్కడ రాయండి. వోల్టులు కొలిచే మల్టీమీటరు ఉన్నవాళ్లు తెండి.

మరోసారి గుర్తు చేస్తున్నాను: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించే పాత అలవాటు వద్దు. వోల్టేజీ ఎగసి బల్బులు, రెగ్యులేటర్ మాడిపోవచ్చు.

టిఫిన్ ఖర్చు నాది, పెట్రోలు ఎవరిది వారిదే.