పాత బుల్లెట్ వైరింగ్ కిట్‌లో రాగి పేరుతో అల్యూమినియం తీగ: ఫిర్యాదు

అమలాపురం,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

విషయం: పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ కోసం కరెంటును తెంపే స్విచ్చు) ఉన్న 12 వోల్టుల బుల్లెట్ బండికి మీరు అమ్మిన పూర్తి వైరింగ్ కిట్‌లో లోపాలు, వారంటీ నిరాకరణ.

అయ్యా,

"బండి పాతది, ఆల్టర్నేటర్ బలహీనపడింది, అందుకే లైటు డిమ్ముగా వెలుగుతోంది" అని మీ ఇంజనీరు గారు మెయిల్‌లో రాసి వారంటీ కుదరదన్నారు. ఆ మాట తప్పు. ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బాగుంది. బాగాలేనిది మీ వైరు. పెట్టె మీద "నూరు శాతం రాగి" అని అచ్చు వేశారు, లోపల ఉన్నది రాగి పూత వేసిన అల్యూమినియం తీగ. కొలతలతో సహా రాస్తున్నాను, మీ వర్క్‌షాపులో సరిచూసుకోండి.

ముందు ఆల్టర్నేటర్ సంగతి. దాని వైర్లు విడదీసి, ఇంజను నడుపుతూ ఏసీ రేంజిలో చూస్తే వోల్టేజి వేగంతో పాటు ఎక్కడా ఆగకుండా పెరుగుతూ 30 దాటింది. వైర్లకూ ఇంజను బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు దారి) లేదు, అంటే లోపలి కాయిళ్లు ఎక్కడా బాడీకి తగిలి ఎర్త్ కాలేదు. తర్వాత మీ కిట్‌లోని రెగ్యులేటర్ (ఆల్టర్నేటర్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) అవుట్‌పుట్‌ను మందపాటి రాగి వైరుతో నేరుగా బ్యాటరీకి కలిపితే, కాస్త యాక్సిలేటర్ ఇచ్చాక బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు వచ్చాయి. అదే రెగ్యులేటర్‌ను మీ హార్నెస్ (వైర్ల కట్ట) మీదుగా కలిపి హెడ్‌లైట్ వేస్తే 12.3 దాటలేదు, అమ్మీటరు ముల్లు మైనస్ వైపే ఉండిపోయింది, అంటే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంది. కాబట్టి మీ రెగ్యులేటర్ మీద నాకు ఫిర్యాదు లేదు.

ఇక అసలు జబ్బు. పగలు బండి చక్కగా నడుస్తుంది. రాత్రి హెడ్‌లైట్ వేయగానే మిస్ కొడుతుంది, ఆర్పితే మళ్లీ సర్దుకుంటుంది. ఇలాంటప్పుడు ఏ మెకానిక్కయినా చెయ్యి ముందు పాయింట్ల మీదికే పోతుంది. పాయింట్లు శుభ్రం చేసి గ్యాపు 0.35–0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టి, కండెన్సరు, ప్లగ్గు కొత్తవి వేసినా తేడా రాలేదు. మీ కిట్ కొన్నవాళ్లు ఇలా ఒక్కొక్క పార్టూ మార్చుకుంటూ డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

కొలవాల్సింది లోడు మీద వోల్టేజి డ్రాప్, అంటే కరెంటు పారుతున్నప్పుడు దారిలో తగ్గిపోయే వోల్టేజి. ఇంజను ఆపి, పాయింట్లు మూసుకుని ఉండేలా తిప్పి, తాళం, హెడ్‌లైట్ ఆన్ చేయాలి. మీటరు ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, నల్లది ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ మీద పెట్టాలి. కాయిల్ వేడెక్కకుండా ఒక నిమిషంలో ముగించాలి. మా బండిలో 1.8 వోల్టులు చూపించింది. ఈ లోడులో అర వోల్టు దాటితేనే అనుమానించాలి. బ్యాటరీలో 12.2 ఉంటే కాయిల్‌కు చేరుతున్నది 10.4 మాత్రమే. మిస్ కొట్టక ఏం చేస్తుంది?

ఈ 1.8 అంతా వైరు పొడవులో పోవడం లేదు. మీ కిట్ హెడ్‌లైటును కూడా బ్యాటరీ మీదికే తెస్తుంది గనుక 35 వాట్ల బల్బు, కాయిల్, మిగతా చిన్న దీపాలు కలిసి 7 ఆంపియర్ల దాకా లాగుతాయి. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు సుమారు 0.017 ఓములు. రాగి పూత అల్యూమినియం అయితే 0.027 దగ్గర ఉంటుంది. ఉన్న కొద్దిపాటి పొడవుకు దీనివల్ల పెరిగే డ్రాప్ చిన్నదే. ప్రోబులు దగ్గరికి జరుపుకుంటూ పోతే, హెడ్‌లైట్ డూములోని మెయిన్ లగ్గు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్క) ఒక్కదాని మీదే 1.1 వోల్టు కనపడింది. 7 ఆంపియర్లకు అది సుమారు 8 వాట్ల వేడి. స్లీవు గోధుమ రంగుకు తిరిగింది. లాగితే లగ్గు ఊడి వచ్చింది, తీగ పోగులు కాలిన కొబ్బరిపీచులా విరిగి రాలాయి, లోపల తెల్లటి పొడి. రాగి చిలుమైతే పచ్చగా ఉంటుంది. ఈ తెలుపు అల్యూమినియందే.

ఇలా ఎందుకవుతుందో మీకు తెలిసే ఉండాలి. లగ్గు నొక్కిన చోట అల్యూమినియం నెమ్మదిగా జారి బిగువు తగ్గుతుంది, గాలి తగిలిన చోట కరెంటు పారని ఆక్సైడు పొర కడుతుంది. కోసిన కొసల్లో రాగి, అల్యూమినియం రెండూ బయటపడి ఉంటాయి, వాటి మీద ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఇది కోనసీమ. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి ఉప్పుగాలి, రొయ్యల చెరువుల తేమ, సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కితే గోదావరి తుంపర. పైగా ఒంటి సిలిండర్ బండి వణుకు, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా మెడ దగ్గర మడతపడే వైరు. మంచి రాగి పోగులు వీటన్నిటినీ ఏళ్ల తరబడి ఓర్చుకుంటాయి.

తీగ ఏదో తేల్చడం కష్టం కాదు. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. లైటరు మంటలో పెడితే రాగి పోగు ఎర్రబడి నిలుస్తుంది, మీది ముడుచుకుని తెగిపోయింది. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు, అల్యూమినియం 660కే కరుగుతుంది. ఫోటోలు పంపుతున్నాను.

మరో రెండు లోపాలు, ఇవి ప్రమాదకరమైనవి. ఫ్యూజు పెట్టెలో 30 ఆంపియర్ల ఫ్యూజు ఇచ్చారు. ఫ్యూజు ఉండేది వైరును కాపాడటానికి. ఎక్కడైనా షార్టయితే ఈ సన్నటి వైరు ముందు కాలుతుంది, అదీ పెట్రోలు ట్యాంకు కింద. హారనుతో కలిపినా లోడు 12 ఆంపియర్లు మించదు, 15 చాలు. రెండోది, మీ కాగితంలో ఎర్త్ లగ్గును పెయింటు వేసిన ఫ్రేము మీదే బిగించమని బొమ్మ వేశారు. పెయింటు గీకి, స్టార్ వాషరు వేసి, బిగించాక పెట్రోలియం జెల్లీ రాయాలి. ఇంజను నుంచి బ్యాటరీ మైనస్‌కు విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల ఎర్త్ వైరు లాగాలి. ఆ వైరు కిట్‌లోనే ఉండాలి.

నేను కోరేది ఇది. హార్నెస్‌కు బదులు తగరపు పూత రాగి తీగతో చేసినది పంపండి, లేదా కిట్ డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. పెట్టె మీద "నూరు శాతం రాగి" మాట తీసేయండి. ఇదే కిట్ కొన్నవారందరికీ ఫ్యూజు మార్చుకోమని వెంటనే రాయండి. దీనికి మాత్రం నా వ్యవహారం తేలేదాకా ఆగవద్దు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే చోటే కేసు వేయవచ్చు కనుక, ఆ తర్వాత మా ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఊడిన లగ్గు, కాలిన స్లీవు, మిగిలిన హార్నెస్ సీలు వేసి నా దగ్గరే ఉంచాను. మీ మనిషిని పంపితే చూపిస్తాను, మీటరు పెట్టి కొలుచుకోవచ్చు.

జతపరచినవి: బిల్లు నకలు, మీ మెయిల్ ప్రతి, మీటరు రీడింగుల ఫోటోలు, లగ్గు, తీగ పోగుల ఫోటోలు.

ఇట్లు,
మీ కిట్ కొన్న బుల్లెట్ యజమాని