రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ: హాజరు లెక్క మొదటి వారంలోనే చెప్పండి

రిజిస్ట్రార్ గారికి నమస్కారం.

డిగ్రీలో కొత్తగా చేరే పిల్లల చేతిలో నిబంధనల పుస్తకం పెడతారు. అందులో వాళ్లను ముందుగా దెబ్బతీసేది ఒక్క వాక్యం: హాజరు 75 శాతం ఉండాలి. ఎలా లెక్కిస్తారో మాత్రం ఉండదు.

ఒక సబ్జెక్టుకు సెమిస్టరులో 60 క్లాసులనుకుందాం. 45కి రావాలి, 15 పోయినా ఫర్వాలేదు. చివరి విడతలో సీటు వచ్చినవాళ్లు మూడు వారాలు ఆలస్యంగా చేరతారు. వారానికి 4 చొప్పున 12 అప్పటికే పోయాయి. చేతిలో మిగిలింది 3. ఒక్క జ్వరం చాలు, హాల్ టికెట్ ఆగిపోతుంది! మూడు గంటల ల్యాబుకు మూడు హాజర్లు వేసేచోట ఒక్క మధ్యాహ్నం మానితే ఆ మూడూ అయిపోతాయి. మొత్తం మీద 80 శాతం కనబడితే పిల్లలు ధీమాగా ఉంటారు, ఒక సబ్జెక్టులో 68 దగ్గర ఇరుక్కున్నామని పరీక్షల ముందు గాని తెలియదు.

అందుకే, చేరిన తేదీ నుంచే హాజరు లెక్కించండి. సబ్జెక్టువారీ పట్టిక రెండు వారాలకోసారి నోటీసు బోర్డులో పెట్టండి. ఎనిమిది వారాలకు 32 క్లాసులు అయిపోతాయి. అప్పటికి 17 పోగొట్టుకున్న విద్యార్థి మిగిలిన 28కీ వచ్చినా 43 దగ్గరే ఆగిపోతాడు. అప్పుడు హెచ్చరించి ఏం లాభం?

మెడికల్ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో, ఎవరికివ్వాలో రాసిపెట్టండి. తీసుకున్నవారు తేదీతో రసీదు ఇవ్వాలి. కాగితం ఆఫీసులోనే కనబడకుండా పోతే విద్యార్థి దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.

ఇట్లు,
మొదటి సంవత్సరం విద్యార్థులకు సలహాలిచ్చే అధ్యాపకులు, సీనియర్లు