తెలుగు అక్షరాల ఫ్రెంచి పుస్తకం వెనక్కి ఇచ్చేయండి

బరంపురంలో మా దగ్గర ఫ్రెంచి నేర్చుకుంటున్న రెండు నుంచి ఐదో తరగతి పిల్లల అమ్మానాన్నలకు నమస్కారం. జూన్‌లో ఇచ్చిన పచ్చ అట్ట పుస్తకాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. ఇంట్లో మీరు కూడా చదివించగలరని ప్రతి ఫ్రెంచి మాట కిందా తెలుగులో ఉచ్చారణ వేశాం. తప్పు అక్కడే జరిగింది. పిల్లలు గబగబా చదివేశారు గానీ, చదివింది తెలుగు. ఫ్రెంచి వినడం మానేశారు.

ఒక్క ఉదాహరణ చెబుతాం. ఫ్రెంచిలో ‘పైన’కి ఒక మాట, ‘కింద’కి ఒక మాట. మా పుస్తకంలో రెంటి కిందా ‘దెసు’ అనే ఉంది! ‘కింద’ చివర ఉన్నది మన ఉకారమే. ‘పైన’ చివరి శబ్దానికి తెలుగులోనూ ఒడియాలోనూ అక్షరం లేదు. అది రావాలంటే ‘ఈ’ అని సాగదీస్తూ, నాలుకను కదపకుండా, పెదవులను మాత్రం ఈల వేస్తున్నట్టు ముందుకు చుట్టాలి. పెదవులు చుట్టేసరికి నాలుక వెనక్కి జారిపోతుంది, అదే చిక్కు. జారితే ‘ఊ’ అయిపోతుంది. నాలుక కొన కింది పళ్ళకి ఆనించి ఉంచమని, చేతికి చిన్న అద్దం ఇస్తే చాలామందికి కుదురుతుంది.

రొట్టె, నెమలి, వంతెనలకి ఉన్న మూడు ఫ్రెంచి మాటల సంగతి ఇంకా ఘోరం. మూడూ ‘ప’తో మొదలై ముక్కుతో పలికే అచ్చుతో ఆగిపోతాయి. ఆ అచ్చులు మూడు రకాలు. మేం ‘పాన్’, ‘పాన్’, ‘పోన్’ అని అచ్చువేశాం. అందులో నకారం అసలు వినపడకూడదు. మాట అయిపోయాక నోరు తెరిచే ఉండాలి. నాలుక పైపళ్ళ వెనక తగిలిందంటే ‘న్’ వచ్చేసినట్టే. ముక్కుతో పలకమని చెప్పే అరసున్న మన రాతలోంచే దాదాపు పోయింది, నోట్లోంచి ఎప్పుడో పోయింది. అదృష్టం, వీధిలో పిల్లలు ఒడియా మాట్లాడతారు. ఒడియాలో అవునుకి ‘హఁ’ అంటారు కదా, ఇప్పుడు పాఠం అక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాం. ముందు పదిసార్లు ‘హఁ’, తర్వాత నెమలి.

మనకి కలిసొచ్చేదీ ఉంది. ఫ్రెంచి త, ద శబ్దాలు మన త, దలకి చాలా దగ్గర. ఇంగ్లీషు మీడియం అలవాటు కొద్దీ పిల్లలు వాటిని ట, డ చేస్తారు, అంతే. మాట చివర ఉకారం తగిలించడం మాత్రం మాటలు అచ్చుతో ముగిసే మన అజంత భాష ఇచ్చిన జబ్బు, మానడానికి నెలలు పడుతుంది. గొంతులోంచి వచ్చే రకారం గురించి ఇంట్లో పట్టుబట్టకండి. మన ‘ర’తో అన్నా అవతలివాళ్ళకి అర్థమవుతుంది.

అంకెల దగ్గర అందరూ ఆగుతున్నారు, అది పుస్తకం తప్పు కాదు. ఫ్రెంచిలో 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 97 అంటే నాలుగు ఇరవైలు-పది-ఏడు. 80 అని చెప్పి రాయమంటే ముందు 4, పక్కన 20 వేసి 420 చూపిస్తారు. అందుకని పలకా బలపం పక్కన పెట్టి చింతపిక్కలు తెప్పించాం. ఇరవైకో కుప్ప, నాలుగు కుప్పలు, పక్కన విడిగా పది, ఇంకో ఏడు. కుప్పలు చూసి పలకడం రెండు వారాలు, రాయడం ఆ తర్వాతే. ఒడియాలో ఇరవై అంటే ‘కోడిఏ’. నాలుగు కోడి అనగానే నాలుగు కోళ్ళని పిల్లలు విరగబడి నవ్వుతారు, లెక్క మాత్రం గుర్తుండిపోతుంది. 71లో మధ్య ‘ఇంకా’ అనే మాట వస్తుంది, 81లో, 91లో రాదు. దానికి తర్కం అడగొద్దు, బట్టీయే.

వస్తువుల ఆడమగ తేడా గురించి కూడా చాలామంది అడిగారు. హిందీ లెక్క ఇక్కడ వాడొద్దు. హిందీలో కితాబ్ స్త్రీలింగం, ఫ్రెంచిలో పుస్తకం పుంలింగం. చాఁద్ హిందీలో పుంలింగం, ఫ్రెంచి చందమామ స్త్రీలింగం. లింగం గుర్తుపెట్టుకోవడానికి వాడే నీలం కార్డు, ఎర్ర కార్డు పద్ధతి అలాగే ఉంటుంది.

ఆదివారం రెండు గంటల తరగతి తీసేసి సోమ, మంగళ, గురు, శనివారాల్లో సాయంత్రం ఐదున్నరకి అరగంట చొప్పున పెడుతున్నాం. మొత్తం సమయం అంతే, ఫీజు కూడా అంతే. ఒక బ్యాచికి పన్నెండు మంది బదులు ఎనిమిది మంది. పన్నెండు మంది ఉంటే అరగంటలో ఒక్కొక్కరి నోరు గమనించడానికి రెండున్నర నిమిషాలే దొరుకుతాయి, ఎనిమిది మందైతే మూడు ముప్పావు. అందువల్ల దసరా దాకా కొత్త ప్రవేశాలు లేవు.

చేరేటప్పుడు ఫిబ్రవరిలో దెల్ఫ్ ప్రిమ్ (చిన్నపిల్లల ఫ్రెంచి భాషా పరీక్ష)కి పంపుతామన్నాం. ఈ ఏడాది పంపడం లేదు. మొదటి మెట్టయిన ఏ1 స్థాయిలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 50 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 5 కన్నా తగ్గకూడదు. చదవడంలో మన పిల్లలకి బెంగ లేదు. వినడంలోనే దెబ్బ తింటారు, కారణం పైన చెప్పిందే. ముందుగా కట్టిన పరీక్ష డబ్బు ఈ నెలాఖరులోగా తిరిగి ఇచ్చేస్తాం.

కొత్త పుస్తకంలో బొమ్మలు, ఫ్రెంచి రాత మాత్రమే ఉంటాయి. ప్రతి శనివారం మూడు నిమిషాల ఆడియో వాట్సాప్‌లో పంపుతాం. రోజుకి రెండుసార్లు, పుస్తకం మూసి వినిపించండి. అనుమానం వస్తే మీరు దిద్దకుండా పిల్లాడి గొంతే రికార్డు చేసి పంపండి. చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, ఫ్రెంచిలో ఏదైనా చెప్పు’ అనడం కూడా కొన్నాళ్ళు ఆపితే మేలు.

పాత పుస్తకం మీద గీతలున్నా, అట్ట ఊడినా ఫర్వాలేదు, తెచ్చి ఇస్తే కొత్తది ఉచితం. అన్నకో అక్కకో ఇచ్చినవి కూడా వెతికి తెండి. జెరాక్సులు తీయించినవాళ్ళు వాటినీ తేవాలి.