మా ఫిర్యాదును ‘పరిష్కారమైంది’ అని మూసేసినందుకు

కస్టమర్ సపోర్ట్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: ట్రాప్ కెమెరాలపై మేం ఇచ్చిన ఫిర్యాదును పట్టించుకోకపోవడం, మాతో మాట్లాడకుండానే దాన్ని మూసేయడం గురించి.

అయ్యా,

మొన్న రాత్రి మీ సంస్థ నుంచి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా సమస్య ఎప్పుడు పరిష్కారమైంది? ఎవరు పరిష్కరించారు? పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే, "కస్టమర్ స్పందించకపోవడంతో టికెట్ క్లోజ్ అయింది సార్" అన్నారు. వారాల తరబడి ఫోన్లు చేసీ చేసీ, మెయిళ్లు పెట్టీ పెట్టీ విసిగిపోయింది మేము. స్పందించనిది కూడా మేమేనని మీ రికార్డుల్లో రాసుకున్నారు. కెమెరాలు పాడైతే కలగని కోపం ఈ ఒక్క మాటతో కలిగింది.

మేం ఏం పని చేస్తామో కొన్నప్పుడే చెప్పాం. అయినా మీ దగ్గర ఫోన్ ఎత్తిన ప్రతి మనిషికీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది కాబట్టి ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. నల్లమల దక్షిణ కొస నుంచి లంకమల మీదుగా శేషాచలం వైపు సాగే అడవిలో పెద్దపులుల కదలికలను గమనించే చిన్న స్వచ్ఛంద సంస్థ మాది. అటవీ శాఖ అనుమతి తీసుకుని, బీట్ సిబ్బందితోనూ చెంచు వాచర్లతోనూ కలిసి, జంతువు ముందు నుంచి పోతే దానంతటదే ఫోటో తీసే ట్రాప్ కెమెరాలు పెడతాం. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో పుట్టిన పులి కొత్త చోటు వెతుక్కుంటూ ఇటు వస్తోందా? వస్తే ఏ వాగు పట్టుకుని వస్తోంది, రోడ్డు ఎక్కడ దాటుతోంది, ఇక్కడే నిలబడుతోందా, వెనక్కి పోతోందా? ఇవి తెలిస్తేనే ఏ అడవికి కాపలా పెంచాలో, ఏ రోడ్డు కింద జంతువులకు దారి వదలాలో అధికారులు నిర్ణయించగలరు.

కెమెరాల లోపం గురించి ఎక్కువ రాయను. మీకు పంపిన మెయిళ్లలో అన్నీ ఉన్నాయి, ఎవరైనా తెరిచి చదివితే. బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ లోపలి గడియారం మొదటికి పోతోంది. కొన్ని కెమెరాలైతే జంతువు దాటిపోయాక గానీ ఫోటో తీయడం లేదు. కార్డు నిండా తోకలూ, ఖాళీ బాటలూ.

మీ కాల్ సెంటర్‌లో మొదట మాట్లాడిన అబ్బాయి "ఇన్‌స్టాల్ చేసిన చోట వైఫై ఎలా ఉంది సార్?" అని అడిగాడు. ఇది ఇంటి గుమ్మానికి పెట్టే కెమెరా కాదు బాబూ, అడవిలో చెట్టుకు కట్టేది అని చెప్పాను. కాసేపు ఆగి "అయితే రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. మీరు అమ్మే వస్తువు ఏమిటో కూడా చెప్పకుండా అతన్ని ఫోన్ ముందు కూర్చోబెట్టిన వాళ్ల మీదే నా కోపం.

తరువాత మాట్లాడిన ఆవిడ, కెమెరా బిగించిన చోటే నిలబడి, లైన్‌లో ఉండగానే వీడియో తీసి పంపమన్నారు. అక్కడ సిగ్నల్ లేదమ్మా, బేస్ క్యాంప్‌లోనే ఒక బండ ఎక్కితే గానీ ఫోన్ కలవదు అన్నాను. "వీడియో లేకపోతే ఫిర్యాదు ముందుకు వెళ్లదు సార్" అన్నారు. క్యాంప్‌కు తెచ్చి తీసిన వీడియో పంపాం. "బిగించిన స్థితిలో లేదు" అని తిప్పి పంపారు. సీనియర్‌తో మాట్లాడించమని అడిగితే 48 గంటల్లో ఫోన్ వస్తుందన్నారు. రాలేదు. మళ్లీ అడిగితే మళ్లీ 48 గంటలన్నారు. ఆ సీనియర్ గొంతు ఎలా ఉంటుందో మాకు ఈ రోజుకీ తెలియదు.

డీలర్‌ను అడిగితే కంపెనీతో తేల్చుకోమన్నాడు. కంపెనీ వాళ్లు సర్వీస్ సెంటర్‌కు పంపమన్నారు. అది వేరే రాష్ట్రంలో ఉంది, కొరియర్ ఖర్చు మాదే అన్నారు. సరేనని పంపాం. సర్వీస్ సెంటర్ వాళ్లు డీలర్ ముద్ర ఉన్న బిల్లు కావాలన్నారు. డీలర్ ఏమో కంపెనీ నుంచి మెయిల్ వస్తేనే ముద్ర వేస్తానన్నాడు. ఇలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ మమ్మల్ని తిప్పారు.

చివరికి కెమెరాలు తిరిగొచ్చాయి. వాటితో పాటు ఒక కాగితం: "బాహ్య నష్టం. గోళ్ల గీతలు ఉన్నాయి. వారంటీ వర్తించదు." అవును, ఒక కెమెరా పెట్టె మీద ఎలుగుబంటి గీతలున్నాయి. అడవిలో పెట్టే కెమెరా అనే కదా మీరు అమ్మారు? మీ కరపత్రం మీద ఉన్న బొమ్మ కూడా ఎలుగుబంటిదే. గీతల్లేని మిగతా కెమెరాలకూ అదే కాగితం పెట్టారు. పంపే ముందు, కదలకుండా ఉండాలని ప్రతి మూతకూ అడ్డంగా తెల్లటి టేపు వేసి, దాని మీద పెన్నుతో మా లొకేషన్ నంబరు రాశాం. సగం టేపు మీద, సగం పెట్టె మీద పడేలా రాసిన అంకెలు అవి. తిరిగొచ్చినప్పుడు ఆ అంకెలు వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు. అంటే మీ సర్వీస్ సెంటర్‌లో ఒక్క మూత కూడా తెరవలేదు. తెరవకుండానే పరీక్షించామని సంతకం పెట్టి పంపారు. ఆ టేపుల ఫోటోలు ఈ లేఖతో జత చేస్తున్నాను.

ఆ సంగతి అడగడానికి ఫోన్ చేసినప్పుడే మీ ప్రతినిధి ఒకరు ఆ మాట అన్నారు: "పులే కదా సార్, మళ్లీ వస్తుంది కదా, అప్పుడు తీసుకోవచ్చు."

దీనికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను, అప్పటికే లైన్ కట్ చేశారు. ఇప్పుడు చెబుతాను. 2022 విడత జాతీయ పులుల అంచనాలో దేశమంతటా 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. 4 కోట్ల 70 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. అందులో పులి ఉన్నవి 97,399. అంటే దాదాపు ఐదు వందల ఫోటోలు చూస్తే గానీ ఒక పులి కనబడదు. అది పులులు బాగా ఉన్న అడవులను కూడా కలుపుకున్న లెక్క. ఎప్పుడో ఒక పులి నడిచిపోయే మా దారిలో ఒక్క ఫోటో పోయిందంటే, ఆ సీజన్ మొత్తం పోయినట్టే.

మళ్లీ వచ్చేదాకా ఆగుదామన్నా కుదరదు. ఒక విడత లెక్క తక్కువ కాలంలో ముగించాలి. ఆలస్యమయ్యే కొద్దీ కొత్త పులులు వచ్చి చేరతాయి, ఉన్నవి వెళ్లిపోతాయి, చనిపోతాయి. అప్పుడు లెక్కకు అర్థం ఉండదు. ఏ పులి ఏ రోజు ఎక్కడ పడింది, మళ్లీ ఎన్నిసార్లు పడింది అన్నదాన్ని బట్టే, కెమెరాకు చిక్కనివి ఎన్ని ఉండొచ్చో అంచనా కడతారు. తేదీ లేని ఫోటో ఆ లెక్కకు పనికిరాదు. వానలు తగ్గి బాటలు ఆరాక మొదలుపెట్టి, ఎండలు ముదిరి అడవికి నిప్పు భయం వచ్చేలోగా మేం పని ముగించుకోవాలి. ఆ కాలమంతా మీ హోల్డ్ మ్యూజిక్ వింటూ పోగొట్టుకున్నాం.

ఇంకోటి కూడా మీకు అర్థం కావాలి. ఏ పులి ఏదో చారలను బట్టే గుర్తుపడతాం. పులి చారలు కుడి పక్కవి, ఎడమ పక్కవి ఒకేలా ఉండవు. అందుకే బాటకు అటొకటి ఇటొకటి, మోకాలెత్తులో, జతగా కెమెరాలు కడతాం. ఈసారి ఒక వాగు ఒడ్డున కుడి వైపు కెమెరాలో పులి చక్కగా పడింది, అర్ధరాత్రి దాటాక, భుజం నుంచి తోక దాకా. దాని జత కెమెరా ఆలస్యంగా తీయడంతో అందులో ఏమీ లేదు. పైనున్న ఇంకో చోట ఎడమ వైపు మాత్రమే పడింది, అదీ మీ గడియారం వేసిన తప్పుడు తేదీతో. ఆ రెండూ ఒకే పులా, రెండు పులులా? రాత్రుళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చారలు పెద్దవి చేసి ఎంత చూసినా తేల్చలేకపోయాం. ఈ దారిలో ఒక పులి తిరుగుతోందా, రెండు తిరుగుతున్నాయా అన్నది చిన్న విషయం కాదు. అందులో ఒకటి ఆడపులి అయితే, ఇక్కడ పిల్లలు పెట్టే అవకాశం ఉందన్నమాట.

లెక్క తప్పితే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. రాజస్థాన్‌లోని సరిస్కాలో పాదముద్రలు చూసి వేసిన లెక్కల్లో పులులు ఉంటూనే వచ్చాయి. 2005 నాటికి అక్కడ ఒక్క పులీ మిగల్లేదని తేలింది. వేటగాళ్లు మట్టుబెడుతుంటే కాగితం మీద అవి బతికే ఉన్నాయి. ఆ దెబ్బకే పాదముద్రల పద్ధతి పక్కన పెట్టి, ఫోటోల ఆధారంగా అంచనా వేయడం మొదలుపెట్టారు. 2006లో తేలిన సంఖ్య 1,411. 2022 విడతకు వచ్చేసరికి అది 3,682కు చేరింది. అదే విడతలో, అంతకు ముందు విడతతో పోలిస్తే, ఆంధ్రప్రదేశ్‌లో అంచనా 48 నుంచి 63కు పెరిగితే, తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గింది. పెరిగిన చోటేదో, తగ్గిన చోటేదో తెలిసింది కెమెరాలు సరిగ్గా పనిచేయబట్టే. ఆ పని మీద ఆధారపడి మీ వ్యాపారం నడుస్తోంది. అలాంటిది, మీ దగ్గర ఒక్కరికి కూడా ఈ సంగతి పట్టలేదు.

మేం కొత్త కస్టమర్లం కూడా కాదు. మొదటి నుంచీ మీ దగ్గరే కొంటున్నాం. తక్కువ ధరకు వేరే కంపెనీ వాళ్లు వచ్చినా, మీ కెమెరాలు వానకు తట్టుకున్నాయని మిమ్మల్నే నమ్ముకున్నాం. పక్క జిల్లాల్లో పనిచేసే బృందాలకు మీ పేరు చెప్పింది మేమే. అప్పట్లో మీ ఆఫీసులో ఒక ఇంజనీర్ ఉండేవారు. ఆదివారం ఫోన్ చేసినా ఎత్తి, "ఆ స్క్రూ కొంచెం వదులు చేసి చూడండి సార్" అని ఓపిగ్గా చెప్పేవారు. ఆయన వెళ్లిపోయాక ఆ నంబరు కూడా తీసేశారు.

చెంచు వాచర్లు ఆ కెమెరాలను సంచుల్లో వేసుకుని, రాళ్ల గుట్టలెక్కి, కార్డులు మార్చడానికి మళ్లీ మళ్లీ వెళ్లి వచ్చారు. కార్డు పెట్టగానే అందరూ ల్యాప్‌టాప్ చుట్టూ మూగుతారు. ఖాళీ బాట, ఖాళీ బాట, ముళ్లపంది వెనక భాగం, మళ్లీ ఖాళీ బాట. వాళ్లలో ఒక పెద్దాయన "మనం సరిగ్గా కట్టలేదా సార్?" అని అడిగాడు. వాళ్లు కట్టినంత సరిగ్గా ఎవరూ కట్టలేరు. ఆయనకు ఆ అనుమానం తెప్పించింది మీరు.

పాడైన కెమెరాలన్నీ మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వాలి. కొరియర్ ఖర్చులు మీరే భరించాలి. మూసేసిన ఫిర్యాదును మళ్లీ తెరిచి, "కస్టమర్ స్పందించలేదు" అన్న మాట తీసేయాలి. ఇది నాకు డబ్బు కంటే ముఖ్యం. ట్రాప్ కెమెరా అంటే ఏమిటో తెలిసిన ఒక మనిషి, తన పేరు చెప్పి, తన నంబరు నుంచి మాకు ఫోన్ చేయాలి.

ఈ నెలాఖరులోగా ఇవేవీ జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, అక్కడి నుంచి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. తెరవని మూతల ఫోటోలు, మీ పరీక్షా నివేదికలు పక్కపక్కన పెట్టి కమిషన్ ముందు ఉంచుతాను. మీ పేరు నేను ఎవరెవరికి చెప్పానో ఆ బృందాలన్నిటికీ ఇదే లేఖ పంపుతాను. వచ్చే విడతకు వాళ్లంతా కొనుగోళ్లు మొదలుపెట్టేది ఇప్పుడే.

ఇట్లు,
క్షేత్ర సమన్వయకర్త,
సంస్థ తరఫున

జత చేసినవి: బిల్లుల నకళ్లు, టేపుల ఫోటోలు, సర్వీస్ సెంటర్ పంపిన కాగితాలు, మీరు జవాబివ్వని మెయిళ్లు.